తెల్లబట్ట: నెలసరి చక్రంలో సహజమైన మార్పులు

తెల్లబట్ట అనేది యోని నుంచి వెలువడే రంగులేని, లేదా తెల్లని స్రావం. గర్భాశయ ముఖద్వారంలోని గ్రంథుల్లో ఊరే జిగురు, యోని గోడల తేమ, ఆ గోడల నుంచి రాలిన కణాలు, అక్కడ సహజంగా ఉండే బ్యాక్టీరియా కలిసి ఈ స్రావమవుతాయి. రజస్వల కావడానికి కొన్ని నెలల ముందే మొదలై, ముట్లుడిగే వయసు దాకా సాగుతుంది. గర్భిణికి ఎక్కువవుతుంది; బిడ్డకు పాలిచ్చే నెలల్లో తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్న స్త్రీకి రోజుకు 1 నుంచి 4 మిల్లీలీటర్ల దాకా కావడం మామూలే. అయినా అనంతపురం జిల్లా వజ్రకరూరు వంటి మెట్ట పల్లెల్లోనూ, ఆ మాటకొస్తే తెలుగునాట చాలాచోట్లా, దీన్ని వేడి చేసిన లక్షణమనో, ఒంట్లో సత్తువంతా పోతోందనో భయపడే ఆడవాళ్లు ఎందరో. శరీరశాస్త్రం చెప్పేది వేరు. అండాశయాలు సవ్యంగా పనిచేస్తున్నాయనడానికి పైకి కనిపించే ఆనవాలు ఇది. నెలలో ఏ రోజుల్లో ఎలా ఉంటుందో తెలిసిన స్త్రీయే, అది గాడి తప్పినప్పుడు అందరికంటే ముందు పసిగట్టగలదు.

నెల పొడవునా వచ్చే మార్పులు

నెలసరి మొదటి రోజు నుంచి మళ్లీ నెలసరి వచ్చే ముందురోజు దాకా ఒక చక్రం. పెద్దవయసు స్త్రీలలో అది 21 నుంచి 35 రోజుల దాకా ఉండవచ్చు. ముట్టు ఆగిన కొత్తలో ఈస్ట్రోజెన్ హార్మోను తక్కువగా ఉంటుంది కాబట్టి కొద్దిరోజులు పొడిగానే గడుస్తాయి. అండం ఎదిగేకొద్దీ ఈస్ట్రోజెన్ పెరిగి, మొదట చిక్కగా, అంటుకునేలా కాస్త తెల్లని స్రావం కనిపిస్తుంది. తర్వాత అది పలచబడుతూ వస్తుంది. అండం విడుదలకు ముందు రెండు మూడు రోజులు పచ్చి కోడిగుడ్డు తెల్లసొన మాదిరిగా తేటగా, జారుడుగా ఉంటుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి మెల్లగా విడదీస్తే తెగకుండా 8 నుంచి 10 సెంటీమీటర్ల దాకా సాగుతుంది. దాన్నే గాజుపలక మీద పలచగా పూసి ఆరనిచ్చి సూక్ష్మదర్శినిలో చూస్తే, అందులోని లవణాలు ఫెర్న్ ఆకుల ఆకారంలో పేరుకొని కనిపిస్తాయి. ఈ రోజుల్లో దానిలో నీరు దాదాపు 98 శాతం. శుక్రకణాలు అయిదు రోజుల దాకా బతికి ఉండగలిగేది ఈ జిగురులోనే. అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ అనే మరో హార్మోనుది పైచేయి అవుతుంది. ఒకటి రెండు రోజుల్లోనే జిగురు చిక్కబడి, తగ్గిపోయి, శుక్రకణాలకు దారి మూసుకుపోతుంది. అప్పటి నుంచి మళ్లీ నెలసరి దాకా స్రావం కొద్దిగా, తెల్లగా ఉంటుంది. బట్ట మీద ఆరాక లేత పసుపు మరక మిగలడమూ సహజమే. అండం విడుదలయ్యేది సాధారణంగా రాబోయే నెలసరికి సుమారు 14 రోజుల ముందు. కాబట్టి చక్రం పొడవును బట్టి తేట రోజులు ముందుకో వెనక్కో జరుగుతాయి. గర్భనిరోధక మాత్రలు వాడేవారిలో ఈ మార్పులు పెద్దగా కనిపించవు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ సంగతి వేరు: అందులో అండవాహికలను మాత్రమే మూసేస్తారు, అండాశయాల పని ఆగదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ వివాహితల్లో దాదాపు 70 శాతం ఈ ఆపరేషన్ చేయించుకున్నవారే. ఆపరేషన్ తర్వాత కూడా నెలనెలా తెల్లబట్ట అవుతుంటే, అది కుట్లు వికటించాయనడానికి గుర్తు కాదు.

ఆమ్లగుణం, రక్షణ

ఈ స్రావం చేసే మరో పని కాపలా. ఈస్ట్రోజెన్ ప్రభావంతో యోని గోడల్లో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నిల్వ ఉంటుంది. లాక్టోబాసిల్లస్ జాతి బ్యాక్టీరియా దాని నుంచి లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తుంది. అందువల్ల అక్కడి పీహెచ్ 3.8 నుంచి 4.5 మధ్య నిలిచి, హాని చేసే సూక్ష్మజీవులు పెరగకుండా ఉంటాయి. ఈ మేలుచేసే బ్యాక్టీరియాను 1892లో జర్మన్ వైద్యుడు ఆల్బర్ట్ డోడర్లైన్ వర్ణించాడు. శుభ్రత పేరుతో లోపల సబ్బు, డెట్టాల్ వంటివి వాడితే ఈ కాపలా చెదిరి, లేని జబ్బు వచ్చిపడుతుంది. బయటి భాగాన్ని మంచినీళ్లతో కడుక్కుంటే చాలు. నీటి ఎద్దడి ఉన్న ఊళ్లలో ఆ కొద్దిపాటి నీళ్లు, ఎండలో ఆరేసిన పొడిబట్ట ఏ మందు కంటేనైనా మేలు.

మామూలు స్త్రీలు గుర్తించగలరా?

ఇంత సూక్ష్మమైన మార్పులను చదువు లేనివారు పట్టుకోలేరన్నది తరచూ వినిపించే అభ్యంతరం. దీనికి జవాబు దొరికిన చోట్లలో దగ్గర్లోని బెంగళూరూ ఒకటి. ఆస్ట్రేలియా వైద్య దంపతులు జాన్, ఎవెలిన్ బిల్లింగ్స్ ప్రచారంలోకి తెచ్చిన, స్రావంలోని మార్పులను గమనించే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1970ల చివర ఆక్లండ్, బెంగళూరు, డబ్లిన్, మనీలా, శాన్ మిగెల్ కేంద్రాల్లో 869 మంది స్త్రీలతో పరీక్షించింది. నేర్పిన మొదటి చక్రంలోనే 93 శాతం మంది తమ స్రావంలోని మార్పులను అర్థమయ్యేలా నమోదు చేయగలిగారు. అయితే గర్భం రాకుండా ఉండటానికి దీన్నే నమ్ముకున్నప్పుడు ఏడాదిలో నూటికి సుమారు 22 మంది గర్భం దాల్చారు. గర్భనిరోధక సాధనంగా ఇది బలహీనమైనదే. తన ఒంటి తీరును గుర్తించడం మాత్రం చదువుతో నిమిత్తం లేకుండా ఏ స్త్రీకైనా సాధ్యమేనని ఆ అధ్యయనం రుజువు చేసింది.

వేడి, నీరసం

తెల్లబట్టతో పాటు నడుంనొప్పి, కాళ్లు లాగడం, కళ్లు తిరగడం ఉన్నాయని చెప్పే స్త్రీ అబద్ధమాడటం లేదు. ఆమె బాధ నిజం; కారణం మాత్రం వేరేచోట ఉంది. రోజుకు చెంచాడు కూడా దాటని, అధికభాగం నీరే అయిన స్రావం వల్ల ఎముకలు కరగవు, రక్తం తగ్గదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. మండుటెండలో వంగి వేరుశనగ చేలో కలుపు తీసేవారికీ, తొలకరి పడగానే వజ్రకరూరు పొలాల్లో వజ్రాల కోసం పొద్దంతా నేల చూస్తూ నడిచేవారికీ నడుం నొయ్యడానికి వేరే కారణం అక్కర్లేదు. గోవాలో 2,494 మంది స్త్రీలతో చేసి 2005లో ప్రచురించిన అధ్యయనంలో 14.5 శాతం మంది తెల్లబట్ట బాధ ఉందన్నారు. ఆ ఫిర్యాదుకు ఇన్ఫెక్షన్లతో కంటే మనోవేదనతో, కుటుంబ కష్టాలతో గట్టి సంబంధం కనిపించింది. కాబట్టి తెల్లబట్ట అని వచ్చిన స్త్రీకి హిమోగ్లోబిన్ పరీక్ష చేయాలి; ఇంట్లో ఎలా ఉందని కూడా అడగాలి.

జబ్బు సంకేతాలు

అంతా సహజమేనని చెబితే అసలు జబ్బులు మరుగున పడవా అన్నది బరువైన ప్రశ్న. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో వైద్యులు రాణీ బంగ్, అభయ్ బంగ్ బృందం 650 మంది గ్రామీణ స్త్రీలను పరీక్షిస్తే 92 శాతం మందిలో ఏదో ఒక స్త్రీవ్యాధి బయటపడింది. అంతకుముందు పరీక్ష చేయించుకున్నవారు 8 శాతమే. 1989లో వెలువడిన ఆ ఫలితాలు తోసిపుచ్చదగినవి కావు. కానీ సహజమైనది ఏదో తెలియనప్పుడు జబ్బును వేరుచేసి చూడటం ఎలా? చేపల వాసనతో బూడిదరంగు స్రావం, దురద మంటలతో తెల్లటి ముద్దలు, నురగతో కూడిన పసుపుపచ్చ స్రావం, పొత్తికడుపు నొప్పి, జ్వరం, కలయిక తర్వాతో ముట్లుడిగాకో రక్తం కనిపించడం: ఇవి చక్రంలోని ఏ రోజుకూ చెందవు. వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా వైద్యులకు చూపించుకోవాలి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో వీటిలోని స్రావపు లక్షణాలకు ఆకుపచ్చ కిట్ పేరుతో సెక్నిడజోల్, ఫ్లూకొనజోల్ మాత్రలు ఇచ్చే విధానం ఉంది. ప్రయోగశాల లేనిచోట అది అక్కరకొచ్చేదే. అయితే లోపలి పరీక్ష, పీహెచ్ కాగితం, సూక్ష్మదర్శిని ఉంటే మందు అవసరం లేనివారికి ఆ మాట ధైర్యంగా చెప్పవచ్చు.

గర్భసంచి తొలగింపు

సహజస్రావాన్ని జబ్బుగా భావించడానికి అన్నిటికంటే పెద్ద మూల్యం గర్భసంచి ఆపరేషన్. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల స్త్రీలలో 8.9 శాతం మంది గర్భసంచి తీయించుకున్నట్టు తేలింది. దేశ సగటు 3.2 శాతమే. ఎక్కువమంది చెప్పిన కారణం అధిక రక్తస్రావం. అయినా తెల్లబట్ట, కడుపునొప్పి అని వెళ్లినవారికీ గర్భసంచి తీసేసిన ఉదంతాలు తెలుగు జిల్లాల్లో వెలుగుచూశాయి. అనవసర ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఎముకలు కరిగిపోతాయన్న భయంతో చేయించుకున్న ఆపరేషన్‌లో అండాశయాలు కూడా పోతే, ఈస్ట్రోజెన్ ఆగిపోయి ఎముకలు నిజంగానే గుల్లబారతాయి. ఈ ఒక్క విషయం ముందే తెలిస్తే ఆగిపోగల ఆపరేషన్లు ఉన్నాయి. రజస్వల అయిన పిల్లకు నెలసరి గురించి చెప్పేటప్పుడే తెల్లబట్ట గురించీ చెప్పడం తల్లులు, పంతులమ్మలు, ఆశా కార్యకర్తలు ఖర్చు లేకుండా చేయగల వైద్యం.