తీర్థయాత్రికుని శేషధనము – భాస్కరాచార్యుని అవ్యక్తగణితము

త్రిస్థలీయాత్ర ముగించి ఇల్లు చేరిన ఒక యాత్రికుని చేతిలో 63 నిష్కములు మిగిలి ఉన్నవి. అతడు తన ధనములో సగము ప్రయాగలో ఇచ్చినాడు. మిగిలినదానిలో తొమ్మిదింట రెండు పాళ్లు కాశిలో సమర్పించినాడు. ఆ శేషములో నాలుగవ వంతు దారిలో శుల్కము క్రింద పోయినది. అటుపై మిగిలినదానిలో పదింట ఆరు పాళ్లు గయలో వినియోగమైనది. బయలుదేరునప్పుడు అతని వద్దనున్న ధనమెంత? ఇది భాస్కరాచార్యుడు లీలావతిలో వేసిన ప్రశ్న.

క్రీ.శ. 1150లో, తన 36వ ఏట, ఆయన రచించిన సిద్ధాంతశిరోమణిలో లీలావతి ఒక భాగము, బీజగణితము మరొకటి. అంతకు పూర్వమే, 11వ శతాబ్దిలో, పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును తెలుగు పద్యములలోనికి తెచ్చి యుండుటచేత ఇట్టి లెక్కలు ఆంధ్రులకు క్రొత్త కాదు.

తొందరపడినవాడు పై పాళ్లన్నిటిని కలుపును. అట్లు కలిపినచో మొత్తము ఒకటిన్నర దాటును. అనగా యాత్రికుడు ఉన్నదానికంటె ఎక్కువ వ్యయము చేసినట్లగును! ముడి అంతయు ‘శేషము’ అను మాటలో ఉన్నది. సగము తప్ప తక్కిన పాళ్లేవియు మూలధనమునకు సంబంధించినవి కావు. అప్పటికి మిగిలినదానికి సంబంధించినవి.

లీలావతిలో దీనికి చెప్పిన మార్గము ఇష్టకర్మ. మూలధనము ఒకటి అనుకొనవలెను. ప్రయాగ తరువాత సగము, కాశి తరువాత పదునెనిమిదింట ఏడు, శుల్కము తరువాత ఇరువదినాలుగింట ఏడు, గయ తరువాత అరువదింట ఏడు పాళ్లు మిగులును. అరువదికి ఏడు మిగిలినచో, 63 మిగులుటకు మూలమెంత? త్రైరాశికముచే 540 నిష్కములు.

బీజగణితమార్గములో ఏ సంఖ్యను ఊహించుకొన పనిలేదు. తెలియని ధనమునకు ‘యావత్తావత్’ అని పేరు పెట్టి, ‘యా’ అను అక్షరముతో వ్రాయుదురు. యా యొక్క అరువదింట ఏడు పాళ్లు ఒక పక్షము, 63 రూపములు రెండవ పక్షము. ఛేదము తొలగించినచో ఏడు యా 3780కి సమానము. ఏడుచే భాగింపగా యా 540.

సరిచూచుకొందము. ప్రయాగకు 270, కాశికి 60, శుల్కమునకు 52½, గయకు 94½, మిగిలినవి 63. గయలో ఇచ్చిన పాలు సగమునకు మించినదైనను, ధనము ప్రయాగలో ఇచ్చినదానిలో సగమైనను లేదు. ఇక విశ్వనాథుని క్షేత్రమునకు ముట్టినదానికి, దారి సుంకమునకు పోయినదానికి ఏడున్నర నిష్కములే భేదము! ఈ లెక్కలో లోకానుభవము లేకపోలేదు.

తెలియని రాశికి శాస్త్రకారులు పెట్టిన పేరు ‘అవ్యక్తము’. సాంఖ్యులు మూలప్రకృతిని పిలిచినదియు ఈ మాటతోనే. బీజగణితారంభమున భాస్కరాచార్యుడు ఒకే శ్లోకములో సాంఖ్యుల అవ్యక్తమునకు, ఈశ్వరునకు, గణితమునకు శ్లేషతో నమస్కరించినాడు. వ్యక్తమైన సమస్తమునకు అవ్యక్తమే బీజమని దాని భావము. అంతమాత్రముచే బీజగణితము మోక్షశాస్త్రమని చెప్పుట అతిశయోక్తియే. ఆచార్యుడు అట్లు చెప్పలేదు. కాని చేతిలో మిగిలిన వ్యక్తమును పట్టుకొని, కనబడని మూలమునకు అడుగడుగున వెనుకకు నడచుట రెండు శాస్త్రములకును సమానమే. యాత్రికుని 63 నిష్కములు లేకున్న ఆ 540 ఎవరికి తెలియును?

దానమును గూర్చియే లీలావతిలో మరొక లెక్క ఉన్నది. ఒక లోభి యాచకునికి ద్రమ్మములో సగము, అందులో మూడింట రెండు పాళ్లు, అందులో ముప్పాతిక, అందులో అయిదవ వంతు, అందులో పదునారవ వంతు, అందులో నాలుగవ వంతు ఇచ్చినాడు. ఇచట శేషము లేదు. పాలులో పాలు మాత్రమే. అన్నిటిని గుణించినచో ద్రమ్మములో 1280వ వంతు. ద్రమ్మమునకు 16 పణములు, పణమునకు 4 కాకిణులు, కాకిణికి 20 గవ్వలు. ఇన్ని భిన్నములు దాటి యాచకుని చేతికి వచ్చినది ఒక్క గవ్వ.