టీకా పరిహారం: ఒకే దేశం, రెండు దారులు

అమెరికాలో ఒకే మందుల షాపులో, ఒకే కుర్చీలో కూర్చుని ఎడమ చేతికి ఫ్లూ టీకా, కుడి చేతికి కోవిడ్ టీకా వేయించుకునేవారు ఎందరో. సూది భుజం కీలు దాకా దిగి, ఆరు నెలలు దాటినా చెయ్యి పైకి లేవకపోతే పరిహారం ఎక్కడ అడగాలన్నది నొప్పి ఏ భుజానిదో దాన్నిబట్టి ఉంటుంది. ఎడమదైతే కోర్టు, మూడేళ్ల గడువు. కుడిదైతే ప్రభుత్వ కార్యాలయం, ఏడాది గడువు. ఒంటికి లేని ఈ తేడా చట్టానికి ఎందుకొచ్చింది? ఈ రెండు ఏర్పాట్లూ టీకాల సరఫరా ఆగిపోతుందేమోనన్న భయంలోంచి పుట్టాయి. బాధితుడి గోడు మొదటిదానిలో కొంత చోటు సంపాదించుకుంది, రెండోదానిలో గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

1955లో కట్టర్ లేబొరేటరీస్ తయారుచేసిన పోలియో టీకాలో బతికున్న వైరస్ మిగిలిపోయి, టీకా వేసుకున్న పిల్లల్లో కొందరికి కాళ్లూ చేతులూ పడిపోయాయి. ఆ తర్వాతి వ్యాజ్యంలో కంపెనీ నిర్లక్ష్యం లేదంటూనే జ్యూరీ పరిహారం కట్టమంది. తప్పు రుజువు కాకపోయినా చెల్లించాల్సి రావడం తయారీదారులకు గుబులు పుట్టించింది. 1980ల్లో కోరింతదగ్గు టీకాపై దావాలు వెల్లువెత్తి, కంపెనీలు ఒక్కొక్కటే తప్పుకోవడంతో కాంగ్రెస్ 1986లో చట్టం చేసింది. 1988 అక్టోబరు 1 నుంచి జాతీయ టీకా పరిహార పథకం అమల్లోకి వచ్చింది. డోసు కాపాడే ఒక్కో వ్యాధికి 75 సెంట్ల చొప్పున వసూలయ్యే పన్నే దాని నిధి. ఎవరి తప్పూ నిరూపించనక్కర్లేదు. ఫ్లూ టీకా తర్వాత 3 నుంచి 42 రోజుల్లోపు, నరాలను దెబ్బతీసే గిలన్-బారీ సిండ్రోమ్ మొదలైతే, వేరే కారణం తేలనంతవరకూ అది టీకావల్లే వచ్చిందనుకుంటారు. సదుద్దేశంతో, తగిన ఆధారంతో వేసిన కేసు ఓడినా లాయరు ఫీజు నిధే భరిస్తుంది. పౌరసత్వం లేదని ఎవర్నీ తిప్పి పంపరు, వీసాల మీద ఉన్న తెలుగు కుటుంబాలకు ఇది తెలియాలి. లోపాలూ లేకపోలేదు: బాధకూ వేదనకూ 1986లో పెట్టిన 2,50,000 డాలర్ల పరిమితి దశాబ్దాలు గడిచినా అలాగే ఉండిపోయింది.

రెండో దారి 2005 నాటి ప్రెప్ చట్టంతో పడింది. బర్డ్ ఫ్లూ, జీవాయుధ దాడుల భయాల నడుమ అత్యవసర మందుల తయారీదారులకు రక్షణ ఇచ్చిన చట్టమది. 2020లో కోవిడ్ దాని కిందికి వచ్చింది. ఇక్కడ గడువు టీకా వేసిన రోజు నుంచే నడుస్తుంది. జబ్బేమిటో డాక్టర్లు తేల్చేసరికే సగం ఏడాది గడిచిపోవచ్చు. లాయరు ఖర్చు ఇవ్వరు, బాధకు వెల కట్టరు, నిర్ణయం నచ్చకపోతే అదే శాఖలో పునఃపరిశీలన అడగాలి తప్ప కోర్టుకెక్కే వీలు లేదు. కోవిడ్ టీకాలపై అర్జీలు వేలల్లో వస్తే, పరిహారం ముట్టినవి పదుల్లోనే. అత్యవసరంలో ఇంతకన్నా చేయలేరని సమర్థించేవారున్నారు. తయారీ విషయంలో ఆ మాట నిజమే. కానీ తొందర ఉన్నది టీకా వేయడానికి. ఫిర్యాదు వినే తలుపు ఏడాదిలోనే మూసేయడానికి ఆ తొందర ఎలా కారణమవుతుంది?

ఉదారంగా ఉంటే ఊహాజనిత ఫిర్యాదులకు సర్కారు ముద్ర పడుతుందనే అభ్యంతరం ఇంకా బలమైనది. దీనికి జవాబు మొదటి పథకం చరిత్రలోనే దొరుకుతుంది. టీకాలవల్ల ఆటిజం వచ్చిందంటూ 5,000కు పైగా కేసులు పడితే, ఆ కోర్టు నిపుణుల సాక్ష్యం సాంతం విని, 2009లో నమూనా కేసుల్లో ఆ వాదనను తోసిపుచ్చింది. పూర్తిగా విని కాదనడం కూడా టీకాకు రక్షణే. కోవిడ్ టీకాను మొదటి దారిలోకి మార్చడానికి సాధారణ వాడుకకు సిఫారసు ఒక్కటే చాలదు, కాంగ్రెస్ ఆ టీకాపై కూడా 75 సెంట్ల పన్ను వేయాలి. 2023లో పిల్లల టీకాల పట్టికలో కోవిడ్ టీకాకు చోటు దక్కింది కానీ, దాంతోపాటు పన్ను రాలేదు.