మదరాసు రౌతులు

మన నెల్లూరు తీరము వృషభములకు పేరెన్నిక గన్నదేగాని అశ్వములకు గాదు. అయినను భారత సైన్యమునందలి ప్రాచీనమైన అశ్విక పటాలమొకటి 1776లో ఆర్కాటు నవాబు కొలువున ఏర్పడినప్పుడు, నెల్లూరుసీమ ఆయన ఏలుబడిలోనిదే. 1784లో ఆ పటాలము కుంపిణీవారి చేతికి పోయెను. 1801లో సీమయు పోయెను.

ప్రథమ ప్రపంచ యుద్ధమునకు ముందు దేశమున 39 అశ్విక పటాలములుండెను. దాదాపు అన్నింటను సిలాదారు పద్ధతి చెల్లుచుండెను. అనగా రౌతు తన గుఱ్ఱమును తానే తెచ్చుకొనవలెను, లేదా అందులకు రొక్కము కట్టవలెను. వచ్చిన జీతముతో దానిని మేపుకొనవలెను. 26, 27, 28 సంఖ్యలు గల మదరాసు పటాలములు మూడింటికి మాత్రము సర్కారే గుఱ్ఱముల నిచ్చెడిది. యుద్ధము సముద్రముల కావల ఏండ్ల తరబడి సాగుటతో సిలాదారు పద్ధతి కూలినది. పిమ్మట మదరాసు పద్ధతియే దేశమంతటను వర్తించెను.

పద్ధతి నిలిచెను, మనుష్యులు నిలువలేదు. 1921-22లో పటాలములను 21కి కుదించిరి. 27వది 16వ లైట్ కావల్రీ, 28వది 7వ లైట్ కావల్రీ అయినవి; 26వది హైదరాబాదు కంటింజెంటు సంతతికి చెందిన 30వ లాన్సర్లతో కలసి 8వది అయినది. ఉత్తరాదివారే యుద్ధజాతులను సిద్ధాంతము ప్రబలి, దక్షిణాది రౌతులకు బదులుగా జాట్లు, రాజపుత్రులు మున్నగువారిని చేర్చుకొనిరి. 1799లో శ్రీరంగపట్నమున పోరాడిన మదరాసు సైన్యమునకు శౌర్యము లేదనుట మా బుద్ధికి ఎక్కదు.

చిత్రమేమనగా, 1923లో భారతీయ అధికారుల కొఱకు ఎన్నుకొనిన ఎనిమిది దళములలో ఈ 7, 16 సంఖ్యల పటాలములు రెండును గలవు. జయంతనాథ చౌదరి 7వ దానిలో చేరి, యుద్ధకాలమున 16వ దానిని బర్మాలో నడపెను. 1948 సెప్టెంబరు 18న హైదరాబాదు సైన్యాధిపతి ఎల్ ఎద్రూసు లొంగిపోయినది ఆయనకే. ఎద్రూసు సైతము నైజాము లాన్సర్లలో పెరిగిన రౌతే!

అప్పటికి గుఱ్ఱములు లేవు. 1938లో మొదలైన యాంత్రీకరణము వానిని సాగనంపెను. 1948 నవంబరు 1న, పదకొండువేల అడుగులకు పైబడిన జోజిలా కనుమలోనికి 7వ పటాలము టాంకులనే ఎక్కించెను.

ద్వితీయ ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట 16వ పటాలమున దక్షిణాది యువకులకు తిరిగి ప్రవేశము లభించెను. 1965లో ఫిల్లోరా పోరున ఆ పటాలము పాల్గొనెను.