కేస్ స్టడీ జవాబుకు మార్కులు ఎలా పడతాయి? – ఒక చారిత్రక పరిశీలన

ఈ జవాబు పత్రం వేరొక పరీక్షకుని చేతిలో పడి ఉంటే ఇవే మార్కులు వచ్చేవా? ఫలితాలు చూసుకున్నప్పుడు మీకూ ఈ అనుమానం కలిగే ఉంటుంది. ఇంగ్లండులో ఈ ప్రశ్నకు వందేళ్ళకు మించిన చరిత్ర ఉంది. నేడు అక్కడ భూగోళ శాస్త్రంలో కేస్ స్టడీ జవాబులను దిద్దే పద్ధతి ఆ ప్రశ్న నుంచే రూపు దిద్దుకున్నది.

1888లో ఎఫ్.వై. ఎడ్జ్‌వర్త్ అనే గణాంక శాస్త్రవేత్త పరీక్ష మార్కులలో యాదృచ్ఛిక దోషం పాలు ఎంతో లెక్కకట్టడానికి పూనుకున్నాడు. 1935లో ఫిలిప్ హార్టాగ్, ఇ.సి. రోడ్స్ ప్రచురించిన పరిశీలన మరింత కలవరపెట్టింది. అంతకుముందు ఒకే మార్కు పొందిన 15 చరిత్ర జవాబు పత్రాలను 15 మంది పరీక్షకులకు ఇచ్చారు. మార్కులు 21 నుంచి 70 వరకు పడ్డాయి. ఏడాదికి పైగా గడిచాక వారిలో 14 మంది అవే పత్రాలను మళ్ళీ దిద్దారు. 210 నిర్ణయాలలో 92 మారిపోయాయి. అంటే తప్పినవారు గట్టెక్కారు, గట్టెక్కినవారు తప్పారు. జవాబులో మాత్రం ఒక్క అక్షరం మారలేదు.

దీనికి విరుగుడుగా ఒక్కో సరైన అంశానికి ఒక్కో మార్కు వేయవచ్చు. చిన్న ప్రశ్నలకు ఇది చక్కగా సరిపోతుంది. కేస్ స్టడీకి వచ్చేసరికి అంకెలు బట్టీపట్టినవారికి మేలు జరిగి, కారణాలు విడమరచినవారికి నష్టం కలుగుతుంది. అందుకే 1988లో జి.సి.ఎస్.ఇ. పరీక్షలు మొదలైన తరువాత స్థాయిల పద్ధతి క్రమంగా స్థిరపడింది. ఇందులో పరీక్షకుడు జవాబు మొత్తం చదివి ముందు స్థాయిని, తరువాత ఆ స్థాయిలో మార్కును నిర్ణయిస్తాడు.

ఒక ఉదాహరణ చూడండి. ప్రశ్న: ‘మీరు చదివిన ఒక భూకంపం ఎందుకు అంత నష్టం కలిగించింది?’

మొదటి స్థాయి: ‘ఇళ్ళు కూలాయి, చాలామంది చనిపోయారు.’ ఇది ఏ భూకంపానికైనా సరిపోతుంది.

రెండవ స్థాయి: ‘1995 జనవరి 17న జపాన్‌లోని కోబెలో భూకంపం వచ్చింది. 6,400 మందికి పైగా మరణించారు. హాన్షిన్ ఎత్తుదారి కూలింది.’ స్థలం, వివరాలు ఉన్నాయి. కాని ‘ఎందుకు’ అన్నదానికి జవాబు లేదు.

మూడవ స్థాయి: ‘కోబెలోని పాత చెక్క ఇళ్ళకు బరువైన పెంకుల కప్పులుండేవి, కుదుపుకు అవి కూలిపోయాయి. అప్పుడు ఉదయం 5.46 గంటలు కావడంతో చాలామంది ఇంట్లో నిద్రలోనే చిక్కుకుపోయారు.’ ఇక్కడ ఉన్న అంకె ఒక్కటే, కాని అది కారణానికి ముడిపడి ఉన్నది.

దిద్దడానికి ముందు పరీక్షకులందరూ ఒకే నమూనా పత్రాలను దిద్ది తమ కొలతలను సరిచూసుకుంటారు. 1935 నాటి అనుభవానికి ఇది సమాధానం. అయినా రెండు స్థాయిల సరిహద్దులో ఉన్న జవాబు విషయంలో తేడాలు పూర్తిగా పోలేదు. కాబట్టి మీ జవాబును ఆ సరిహద్దు దాటించి రాయడమే మీ చేతిలో ఉన్న రక్షణ.

అందుకు ఒక సులువైన పరీక్ష ఉన్నది. జవాబులో ఊరి పేరు కొట్టివేసి మరో పేరు రాయండి. అప్పటికీ జవాబు చెల్లుతున్నదంటే అది ఇంకా కేస్ స్టడీ కాలేదన్నమాట.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వేలాది ప్రాణాలు ఎందుకు తీసిందో ఆరు వాక్యాలలో రాయండి. కృష్ణా డెల్టాలోని పల్లపు నేల, సముద్రపు సామీప్యం, ఇళ్ళ తీరు – వీటిలో ప్రతిదాన్నీ ప్రాణనష్టంతో ముడిపెట్టండి. తరువాత ‘దివిసీమ’ అనే మాట కొట్టివేసి మళ్ళీ చదవండి.