ప్రాణమా, ఆరోగ్యమా?

అబార్షన్ తప్పా, ఒప్పా అన్న ప్రశ్న ఇక్కడ అమెరికాలో ఎలక్షన్లని తారుమారు చేస్తుంది. మన ఇళ్ళలో ఆ మాట గుసగుసగా తప్ప వినపడదు. అయితే దీనికి జవాబు చెప్పే చట్టాలకి ఒక చరిత్ర ఉంది. అందులో, మనలాగే దేశం వదిలి వెళ్ళిన ఒక అమ్మాయి కథ కూడా ఉంది.

1860లో తెల్లదొరలు మనకోసం ఇండియన్ పీనల్ కోడ్ చేశారు. 312వ సెక్షన్ ప్రకారం గర్భం తీయడం నేరంగా ఉండేది. తనకు తాను చేసుకున్నా శిక్షే. కానీ తల్లి ప్రాణం కాపాడాలన్న సదుద్దేశంతో చేస్తే నేరం కాదని అందులోనే ఉండేది. ఏడాది తిరక్కుండా, 1861లో, ఇంగ్లండ్‌కీ ఐర్లండ్‌కీ చేసుకున్న చట్టంలో ఆ మినహాయింపు రాయలేదు. శిక్ష మాత్రం యావజ్జీవం దాకా. ఎందుకు వదిలేశారో వాళ్ళకే తెలియాలి!

ఇంగ్లండ్ 1967లో, మనం 1971లో చట్టాన్ని సడలించుకున్నాం. మన చట్టంలో ఆరోగ్యానికి తీవ్రమైన హాని జరుగుతుందనుకున్నా చాలు. ఐర్లండ్ ఎదురుదారి పట్టింది. 1983లో ఓటింగు పెట్టి, కడుపులో బిడ్డ ప్రాణమూ తల్లి ప్రాణమూ సమానమని రాజ్యాంగంలోనే ఎక్కించింది. 1992లో, అత్యాచారానికి గురై ఆత్మహత్య దాకా వెళ్ళిన 14 ఏళ్ళ పిల్ల కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఒక్క సందు ఇచ్చింది: తల్లి ప్రాణానికే ముప్పుంటే చెయ్యొచ్చు. ఆరోగ్యానికి ముప్పు సరిపోదు.

వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఆరోగ్యం ఎక్కడ ఆగి, ప్రాణాపాయం ఎక్కడ మొదలవుతుంది?

సవితా హలప్పనవర్‌ది కర్ణాటకలోని బెళగావి. డెంటిస్టు, వయసు 31. 2012 అక్టోబరు 21న, 17 వారాల గర్భంతో గాల్వే ఆసుపత్రిలో చేరింది. ఉమ్మనీరు పోయింది, బిడ్డ దక్కదని తేలిపోయింది. తీసెయ్యమని అడిగింది. పిండం గుండె కొట్టుకుంటోంది కాబట్టి కుదరదన్నారు. ఇది కేథలిక్ దేశం అని ఒక నర్సు అన్న మాట తర్వాత విచారణలో బయటికొచ్చింది. 24న ఆ గుండె ఆగింది. అప్పటికే సెప్సిస్ ఒళ్ళంతా పాకింది. 28న సవిత పోయింది.

విచారణలో సాక్ష్యమిచ్చిన నిపుణుడు చెప్పింది ఇదీ: మొదటి రెండు రోజుల్లో తీసేసి ఉంటే బహుశా బతికేది, కానీ అప్పుడామె ప్రాణం ప్రమాదంలో లేదు కాబట్టి చట్టం ఒప్పుకోదు. ప్రమాదంలో పడ్డాకేమో ఆలస్యమైపోయింది. ఆసుపత్రి పొరపాట్లూ ఉన్నాయి, విచారణ వాటినీ తేల్చింది. అయినా ఈ చిక్కు డాక్టరు చేతకానితనం కాదు, చట్టం రాసిన తీరులోనే ఉంది. బిడ్డ ఎలాగూ బతకనప్పుడు, రెండు ప్రాణాలని త్రాసులో పెట్టి ఎవరిని కాపాడినట్టు?

మన చట్టమేమీ దేవుడిచ్చింది కాదు. ఆ చాటునే ఆడపిల్లల్ని ఏరి ఏరి తీసేస్తుంటే, ఆపడానికి 1994లో వేరే చట్టం చెయ్యాల్సొచ్చింది. అందుకే ఏ కారణమైనా సరే అనడానికి నాకు నోరు రాదు. కానీ సవితది అలాంటి కేసు కానే కాదు. అదే 17 వారాల్లో బెళగావిలో ఉంటే చట్టం అడ్డొచ్చేది కాదు.

2018 మే 25న ఐర్లండ్‌లో మళ్ళీ ఓటింగు జరిగింది. నూటికి 66 మంది ఆ 1983 సవరణని తీసెయ్యమన్నారు. డబ్లిన్‌లో గోడ మీద గీసిన సవిత బొమ్మ చుట్టూ జనం చీటీలు అంటించి వెళ్ళారు. నాలుగేళ్ళకి, 2022 జూన్ 24న, అమెరికా సుప్రీంకోర్టు 1973 నాటి రో తీర్పుని కొట్టేసింది. టెక్సాస్‌లో, తల్లికి ఎంత ప్రమాదం ముంచుకొస్తే డాక్టరు చెయ్యి వెయ్యొచ్చో విడమర్చడానికి 2025లో ఇంకో చట్టం చేశారు.