చేతికీ చక్రానికీ మధ్య

ఆడవాళ్ళు కారు గురించి రాస్తే సీటు కవర్ల గురించీ, రంగు గురించీ తప్ప ఇంకేం ఉంటుందిలే అని పేజీ తిప్పేసేవాళ్ళు కొందరుంటారు. వాళ్ళని ఈ ఒక్కసారికి కాస్త ఆగమని మనవి. నేను చెప్పబోయేది గేరు రాడ్డు కథ. అది మొదలయ్యేదే ఓ ఇల్లాలి దగ్గర.

కార్ల్ బెంజ్ అనే జర్మను ఇంజనీరు మూడు చక్రాల మోటారు బండి తయారుచేసి 1886లో పేటెంటు పుచ్చుకున్నాడు. బండి బాగానే ఉంది గానీ కొనే నాథుడు లేడు. 1888 ఆగస్టులో ఓ తెల్లవారుజామున ఆయన భార్య బెర్తా, మొగుడికి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్నీ వెంటబెట్టుకుని ఆ బండెక్కింది. మాన్‌హైమ్ నుంచి నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న ఫోర్జ్‌హైమ్‌కి, పుట్టింటికి ప్రయాణం! దారిలో ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి బాగుచేసుకుంది. ఇంధనం అయిపోతే విస్లోక్ అనే ఊళ్ళో మందుల షాపులో కొనుక్కుంది. అన్నీ నెట్టుకొచ్చింది గానీ, ఎత్తు వచ్చినప్పుడల్లా బండి మొరాయించింది. పిల్లలు దిగి తోశారు. తిరిగొచ్చాక ఆవిడ మొగుడితో అన్నమాట ఇదీ: కొండ ఎక్కడానికి ఇంకో గేరు కావాలి. ఆయన బుద్ధిగా పెట్టాడు.

గేరు అవసరం మనకి తెలియనిది కాదు. వెనకటి రోజుల్లో రిక్షా వంతెన ఎక్కాల్సి వస్తే రిక్షా అబ్బాయి సీటు దిగి, చొక్కాతో చెమట తుడుచుకుంటూ తోసుకుపోయేవాడు. అతని కాళ్ళలో బలం లేక కాదు, ఆ బలాన్ని ఎత్తుకి తగ్గట్టు మార్చే పళ్ళ చక్రం రిక్షాకి లేక. ఇంజనూ అంతే. దాని సత్తువ కొంత వేగంలోనే బయటపడుతుంది. రోడ్డు ఎత్తయినా పల్లమైనా ఇంజను తన వేగంలో తను తిరగాలంటే మధ్యన పళ్ళ చక్రాలు మారుతూ ఉండాలి. మార్చడానికి ఓ చెయ్యి కావాలి. ఆ చేతికి ఓ కర్ర కావాలి.

ఆ కర్రకి ఒక పద్ధతి నేర్పినవాడు ఫ్రాన్సులో ఎమీల్ లెవస్సార్. ఇక్కడా వెనకాల ఓ స్త్రీ ఉంది. డైమ్లర్ ఇంజన్ల హక్కులు ఫ్రాన్సులో ఎడ్వార్డ్ సరజాఁ అనే ఆయనకి ఉండేవి. 1887లో ఆయన పోతే, భార్య లూయీజ్ ఆ వ్యవహారాన్ని వదిలెయ్యకుండా తనే డైమ్లర్‌తో మాట్లాడి నిలబెట్టుకుంది. 1890లో ఆవిడ లెవస్సార్‌ని పెళ్ళాడింది. మరుసటేడు లెవస్సార్ తయారుచేసిన కారులో ఇంజను ముందు, దాని వెనక క్లచ్చి, ఆ వెనక జరిగే పళ్ళ చక్రాల గేర్లు, చివర వెనక చక్రాలు. ఆ తరవాత ఎన్నో దశాబ్దాలు లోకంలోని కార్లన్నీ దాదాపు ఈ వరసలోనే నడిచాయి. 1895లో పారిస్ నుంచి బోర్డో వెళ్ళి తిరిగొచ్చే పందెంలో ఆయన దాదాపు 49 గంటలు తనే నడుపుకుంటూ అందరికంటే ముందొచ్చాడు. పళ్ళు పళ్ళు కొట్టుకుని కరకరలాడే ఆ గేర్లు చూసి ఆయనే మొరటుగానే ఉంది గానీ పనిచేస్తోంది అన్నాడని చెప్పుకుంటారు.

తరవాత 1901లో ఎమీల్ యెల్లినెక్ కూతురు మెర్సిడెస్ పేరు పెట్టిన 35 గుర్రాల కారొచ్చింది. దాంట్లో గేరు రాడ్డు ఎటుపడితే అటు పోకుండా గాడి కోసిన పలక పెట్టారు. ఇవాళ గేరు రాడ్డు నెత్తిమీద కనిపించే హెచ్ అక్షరంలాంటి బొమ్మకి మూలం అలాంటి గాడే.

ఆ రోజుల్లో చాలా కార్లకి గేరు రాడ్డూ, చేతి బ్రేకూ డ్రైవరు సీటుకి బయటి పక్క ఉండేవి. నేలకి జీరాడే గౌనుల్లో ఉన్న ఆడవాళ్ళు వాటిని దాటుకుని ఎలా ఎక్కుతారన్న ఆలోచన ఎవరికీ రాలేదు కాబోలు. 1920లలో స్కాట్లండులో డొరొతీ పుల్లింగర్ అనే ఇంజనీరుకి వచ్చింది. ఆవిడ ఆధ్వర్యంలో, చాలావరకు ఆడవాళ్ళే పనిచేసిన ఫ్యాక్టరీలో తయారైన గాలోవే అనే చిన్న కారులో ఆ రాడ్లని లోపలికి తెచ్చారు. ఏం చిన్న మార్పు! ఎంత పెద్ద మార్పు!

రాడ్డు లోపలికొచ్చినా గేర్ల పోరు మాత్రం తీరలేదు. కదిలే బస్సు ఎక్కేవాణ్ణి గుర్తు తెచ్చుకోండి. నిలబడి దూకితే పడతాడు. బస్సుతోపాటు నాలుగడుగులు పరుగెత్తి, దాని వేగం తన వేగం ఒకటయ్యాక కమ్మీ పట్టుకుంటే సుఖంగా ఎక్కుతాడు. వేరువేరు వేగాల్తో తిరిగే రెండు చక్రాల పళ్ళు కలవాలన్నా అంతే. ఆ నాలుగడుగుల పరుగూ డ్రైవరే తన క్లచ్చితో, ఆక్సిలరేటరుతో చేయించాల్సి వచ్చేది. 1929 మోడల్ కాడిలాక్ కార్లలో ఆ పని చేసిపెట్టే ఏర్పాటు వచ్చింది. పేరు సింక్రోమెష్. పళ్ళు కలిసేముందు ఓ కంచు రింగు రాసుకుని రెండింటి వేగాన్నీ సమం చేస్తుంది. ఆ రాపిడికి క్షణమో, అరక్షణమో పడుతుంది. ఈ అరక్షణాన్ని గుర్తుంచుకోండి, మళ్ళీ పనిబడుతుంది.

ఇక పాత స్పోర్ట్సు కార్ల సంగతికొద్దాం. వాటిని పెంచుకునేవాళ్ళు ప్రపంచమంతటా ఉన్నారు. పెంచుకోవడం అనే మాట సరైనదే, ఎందుకంటే వాళ్ళు ఆవుని చూసుకున్నట్టు చూసుకుంటారు. అలాంటి కారు చేతికొచ్చిన కొత్తలో చాలామందికి కలిగే మొదటి కోరిక గేరు రాడ్డు మార్చాలని. చెయ్యి ఇంత దూరం కదలక్కర్లేకుండా, టక్కుమని పడే పొట్టి రాడ్డు. షార్ట్ షిఫ్టర్ అంటారు.

ఈ కోరిక ఎందుకు పుడుతుందో తెలియాలంటే పోర్షే 911ని చూడాలి. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో దాన్ని 901 అన్న పేరుతో చూపించారు. మధ్యలో సున్నా ఉన్న అంకెలు మావి అని పెజో కంపెనీ అడ్డం తిరిగితే 911 అయింది. దాని ఇంజను వెనక చక్రాలకి కూడా వెనక ఉంటుంది, గేరు పెట్టె అక్కడే. డ్రైవరు చెయ్యి మాత్రం ముందుంది. అందుచేత గేరు రాడ్డు అడుగునుంచి ఇంకో పొడుగు రాడ్డు, కారు నడుం కింద గొట్టంలాంటి దారిలో వెనకదాకా పోవాలి. రాడ్డు అడుగున ఓ ప్లాస్టిక్ గిన్నె, వెనక కలిసేచోట ఓ కీలు, ఆ కీలులో ప్లాస్టిక్ బుష్షులు.

మన అంబాసిడర్ డ్రైవర్లకి ఈ బాధ చెప్పక్కర్లేదు. స్టీరింగు పక్కనే ఉండే ఆ గేరు రాడ్డు కూడా ఎన్నో కీళ్ళ మీదుగా కింది పెట్టెదాకా పోయేది. కీళ్ళు అరిగితే ఏ గేరు పడిందో రాడ్డుకే తెలిసేది కాదు. బండి ఆపి, బానెట్ ఎత్తి, రాడ్లని చేత్తో సర్ది మళ్ళీ ఎక్కే డ్రైవర్లని ఆ కారెక్కిన తరమంతా చూసింది.

పోర్షేలోనూ సరిగ్గా అదే జరుగుతుంది. ముప్ఫై, నలభై ఏళ్ళు గడిచేసరికి ప్లాస్టిక్ ఎండి పగిలిపోతుంది. ఆ తరవాత గేరు మార్చడం మజ్జిగలో గరిటె తిప్పినట్టుంటుంది. పైగా 1972 మోడల్ నుంచి వచ్చిన 915 అనే గేరు పెట్టెలో పోర్షే సొంత సింక్రో రింగులుండేవి. చల్లగా ఉన్నప్పుడు వాటికి బద్ధకం. తొందరపెడితే ఊరుకోవు. 1987 మోడల్‌లో జి50 అనే వేరే పెట్టె వచ్చాకగానీ ఆ గొడవ తీరలేదు.

ఇలాంటి కారు యజమాని ఏం చేస్తాడు? పొట్టి రాడ్డు కొంటాడు. ఆ పొట్టి రాడ్డులోని కిటుకు ఆర్కిమిడీస్ నాటిది. రాడ్డుకి మధ్యలో ఓ ఆధారం. దానికి పైన 20 సెంటీమీటర్లు, కింద 4 సెంటీమీటర్లు ఉన్నాయనుకుందాం, లెక్క కోసం. కింది కొస ఒకటిన్నర సెంటీమీటరు కదలాలంటే పైన చెయ్యి ఏడున్నర సెంటీమీటర్లు కదలాలి. ఇప్పుడు ఆధారాన్ని ఓ సెంటీమీటరు పైకి జరిపితే పైన 19, కింద 5. చెయ్యి 5.7 సెంటీమీటర్లు కదిలితే చాలు. బాగుంది కదూ? కానీ ఇదివరకు 2 కిలోల బలంతో పడే గేరుకి ఇప్పుడు 2.6 కిలోలు పెట్టాలి. దూరంలో మిగిల్చింది బలంలో చెల్లించాలి. వెలక్కాయ గొంతులో పడ్డట్టయ్యేది ఇక్కడే. రాడ్డు పొట్టిదైంది, సింక్రో రింగుకి కావలసిన అరక్షణం మాత్రం తగ్గలేదు. చెయ్యి ముందే వెళ్ళిపోయి, ఎక్కువ బలంతో నెడుతుంది. రింగు ఇంకా రాసుకుంటూనే ఉంటుంది. అలా తొందరపెడుతూ పోతే కొన్నాళ్ళకి రింగులు అరిగి, గేరు పెట్టె మొత్తం విప్పాల్సిన రోజొస్తుంది. కొన్నది రాడ్డు, ఖర్చు పెట్టెకి.

అనుభవమున్న మెకానిక్కులు అందుకే ముందు బుష్షులు మార్చమంటారు. అడుగు గిన్నె, వెనక కీలు బుష్షులు కొత్తవి వేసి, కీలు దగ్గర బిగింపు వదులుచేసి, రాడ్డుని సరైన చోట నిలబెట్టి, మళ్ళీ బిగిస్తారు. అక్కడ రవ్వంత తేడా వచ్చినా ఒక గేరు సుఖంగా పడి ఇంకోటి పడనంటుంది. ఇంత చేశాక చూస్తే, చాలా కార్లలో ఆ పాత పొడుగు రాడ్డే బ్రహ్మాండంగా పనిచేస్తుంది. పొడుగు తప్పు కాదు, వదులు తప్పు. కుటుంబాల గురించి నవలలు రాసుకునేదాన్ని, నాకీ మాట కొత్తగా ఏమీ అనిపించలేదు.

ఈ రహస్యం ముందే గ్రహించినవాళ్ళు జపానులో మాజ్డా వాళ్ళు. 1989లో వాళ్ళు తెచ్చిన ఎమ్ఎక్స్-5 అనే రెండు సీట్ల చిన్న కారులో రాడ్డు తిన్నగా గేరు పెట్టె నెత్తిమీదే నిలబడుతుంది. మధ్య కీళ్ళ తతంగం లేదు. రౌతూ గుర్రమూ ఒకటే అన్న అర్థం వచ్చే జింబా ఇత్తై అనే మాటని వాళ్ళు మంత్రంలా పెట్టుకున్నారు. 2016 నాటికి అలాంటి కార్లు పది లక్షలు తయారయ్యాయి. అయితే దానికీ ముసలితనం వస్తుంది. రాడ్డు అడుగున నైలాన్ గిన్నె అరుగుతుంది, రబ్బరు తొడుగులు చిరిగి కిందనుంచి వేడి పైకి కొడుతుంది, అక్కడుండే కాస్త నూనె మాసిపోతుంది. గిన్నె, తొడుగులు, నూనె మార్చడం ఓ మధ్యాహ్నం పని. ఆ పనయ్యాక పొట్టి రాడ్డు మాటే మరిచిపోయినవాళ్ళున్నారు.

తమాషా ఏమిటంటే అదే 1989లో బ్రెజిల్ పందెంలో ఫెరారీ వాళ్ళు గేరు రాడ్డు లేని కారు తెచ్చారు. స్టీరింగు వెనక రెండు రేకులు, వేలితో లాగితే గేరు మారుతుంది. నైజెల్ మాన్సెల్ దాంతో మొదటి పందెమే గెలిచాడు. ఆ రేకులు తరవాత రోడ్డు కార్లలోకీ వచ్చాయి. 2013లో పోర్షే తన 911 జీటీ3ని రాడ్డు లేకుండా, యంత్రమే గేరు మార్చేటట్టు ఇచ్చింది. మనిషి చెయ్యి కంటే అదే వేగం. అయినా చాలామంది మొహం చిన్నబుచ్చుకున్నారు. 2016లో రాడ్డు ఉన్న 911 ఆర్ అని 991 కార్లు చేస్తే దాని కోసం ఎగబడ్డారు. మరుసటేడు జీటీ3కీ రాడ్డు తిరిగొచ్చింది.

వేగంలో ఓడిపోయిందని తెలిసీ మనుషులు ఆ రాడ్డుని ఎందుకడిగారు? పళ్ళ చక్రాలు కలిసే ఆ క్షణాన్ని అరచేతికి చేరవేసేది అదొక్కటే గనక. అది పోయాక డ్రైవరు కూడా ప్రయాణికుడిలా కూచోవాల్సిందే. పాత కారు రాడ్డు మార్చేవాళ్ళు కాపాడుకోవలసింది ఆ కబురునే. వదులు బుష్షులు దాన్ని మధ్యలో మింగేస్తాయి, మరీ పొట్టి రాడ్డు దాన్ని అరుపుగా మార్చేస్తుంది.

అన్నీ సరిచూసుకున్నాక కూడా పొట్టి రాడ్డే కావాలంటే, వేయించుకోండి, తప్పు లేదు. విప్పిన పాతదాన్ని మాత్రం పాత ఇనప సామాన్లవాడికి వెయ్యకండి. నూనె రాసి, గుడ్డలో చుట్టి అటక మీద పెట్టండి. రేపు ఆ కారు ఇంకొకరి చేతికి వెళ్ళినప్పుడు వాళ్ళు ముందుగా అడిగేది దాని గురించే.