వాల్తేరులో వెలుగు, వినరాని ధ్వని

ధ్వనిని ఇంటింటికీ పంపుటే మా వృత్తి. అయినను, చెవికి వినరాని ధ్వనిని ఈ విశాఖపట్నంలోనే కొందరు కాంతితో పరిశీలించిరన్న సంగతి మేము ఆలస్యంగా తెలిసికొన్నాము. ఈ ఊరి పేరు చెప్పగానే ఓడరేవు, ఉక్కు కర్మాగారం తలపునకు వచ్చును. వాల్తేరు ప్రయోగశాల రాదు.

సెకనుకు 20,000 సారులకు మించి కంపించు ధ్వనిని అతిధ్వని అందురు. అది ద్రవంలో సాగునప్పుడు ద్రవం పొరలు పొరలుగా ఒకచోట చిక్కబడి, వేరొకచోట పలుచబడును. వాటికి అడ్డంగా కాంతిని పంపినచో, దువ్వెన పళ్ళవంటి ఆ పొరల వరుస కాంతిని చీల్చి ఇరుప్రక్కలకు చెదరగొట్టును. దీనిని 1932లో అమెరికాలో డిబై, సియర్సులు, ఫ్రాన్సులో లూకా, బికారులు చూపిరి. ఆ చీలికల గణితాన్ని 1935లో తేల్చినవారు సి. వి. రామన్, నాగేంద్రనాథ్ గార్లు. రామన్ గారి బాల్యం గడిచినది విశాఖలోనే.

రామన్ గారి శిష్యులైన సూరి భగవంతం గారు 1932లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరినారు. 1942 ఏప్రిల్ 6న విశాఖపై జపాను బాంబులు పడినవి. విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయినది. ప్రయోగశాలను మూటగట్టి మోసికొనిపోవుట ఎంత కష్టమో ఊహింపవచ్చును. అయినను పని ఆగలేదు. 1946లో భగవంతం, భీమసేనాచార్ గార్లు అతిధ్వనితో వజ్రం స్థితిస్థాపకతను కొలిచి ప్రకటించినారు. అటుపై భగవంతం, బి. రామచంద్రరావు గార్లు, కంపనసంఖ్య మిక్కిలి హెచ్చినప్పుడు ధ్వని పొరలను కొద్దిగా వంచినచో కాంతి చీలికలు ఎట్లు మారునో పరిశీలించినారు. ఆ దినాలలో అతిధ్వనిని పుట్టించు క్వార్ట్జు పలకను కంపింపజేసినవి రేడియో వాల్వులే సుమా!

వాల్తేరులో ధ్వని ముందు, కాంతి వెనుక. కాంతియే ముందై ధ్వనిని పుట్టింపగలదా? టెలిఫోను నిర్మాత గ్రాహంబెల్ 1880లోనే, ఆపి ఆపి వదలిన సూర్యకాంతి పలుచని పలకపై పడినచో అది శబ్దించునని కనుగొన్నాడు. వేడికి వ్యాకోచించుట, చల్లబడి ముడుచుకొనుట, అంతే కారణం. 1960లో లేజరు వచ్చిన పిమ్మట ఆ వేడిమి దెబ్బను క్షణంలో కోట్లవంతు కాలానికి కుదింప వీలైనది, అతిధ్వని పుట్టినది.

ఇక ఆ ధ్వనిని ఒక్కచోటికి చేర్చుట. 2012లో మిషిగన్ విశ్వవిద్యాలయంవారు పుటాకారపు గాజు కటకానికి కర్బన నానోనాళికలు, రబ్బరువంటి పదార్థం పూసి, దానిపై లేజరు ప్రసరింపజేసినారు. పూత వంపే ధ్వనికి వంపైనది. ధ్వని 75 మైక్రోమీటర్ల వెడల్పు గల చోట, అనగా వెంట్రుక మందమంత చోట, కూడుకొన్నది. ఒక్క జీవకణంపై శస్త్రచికిత్స జరుపుటకు ఆ దెబ్బ సరిపోయినది. అయితే ఆ పరీక్ష జరిగినది ప్రయోగశాలలోని కణాలపైననే, రోగిపై కాదు.